పైనా కిందా నల్లపట్టీ

మే 4, సోమవారం

సూళగిరి మండపంలో ట్రయల్ చూసి వచ్చాను. బాగోలేదు. శనివారం సాయంత్రం నా రిసెప్షన్‌లో వేయాల్సిన ఫోటోలు... ల్యాప్‌టాప్‌లో నిండుగా ఉన్నవి, ప్రొజెక్టర్ తెర మీద రెండు పక్కలా తెగిపోతున్నాయి. తెగిన ప్రతి ముక్కలోనూ అమ్మ ఉంది.

నాన్న ఉన్నప్పటి ఫోటోల్లో అమ్మ నడిమధ్య. ఆయన పోయాక ఏ ఫోటో చూసినా చివరే. స్కూల్లో నా ప్రైజు, పిన్ని ఇంటి గృహప్రవేశం, కొత్త బోరు పూజ. ఎవరూ పొమ్మనలేదు. తనే జరుగుతుంది.

అమ్మ లేకుండా ఆ తెర నాకెందుకు?

మే 5, మంగళవారం

ఆఫీసు మీటింగ్ హాల్లో అవే ఫోటోలు వేసి చూశాను. అమ్మతో సహా చక్కగా వచ్చాయి. అంటే తేడా మండపంలోనే.

హరీశ్‌కి చెబితే నవ్వుతాడు. "పెండ్లి నాతోనా, ప్రొజెక్టర్‌తోనా?" ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేశాను.

మే 6, బుధవారం

ఆఫీసుకు సెలవు పెట్టి మళ్ళీ సూళగిరి. కేబుల్ మార్చాను. రిజల్యూషన్ తగ్గించాను, పెంచాను. ఏం చేసినా అంచులు తెగుతూనే ఉన్నాయి. అంతసేపూ గమ్మున చూస్తున్న ఆపరేటర్ మునిరాజన్న చివరికి నోరు విప్పాడు.

"నేనే జూమ్‌లో పెట్టినానమ్మా. తీస్తే అంతా కనపడతాది, కానీ పైనా కిందా నల్లపట్టీ వస్తాది. పెండ్లిలో నలుపేందని అడిగితే నేనేం చెప్పేది?"

తీయించాను. అమ్మ వచ్చింది. పట్టీలూ వచ్చాయి. "మీ అత్తగారోళ్ళు నన్నే అంటారు" అని వెంటనే మళ్ళీ జూమ్ నొక్కాడు.

నలుపు పోవాలంటే అమ్మ కూడా పోవాలి. ఏం లెక్క ఇది?

మే 7, గురువారం

అన్నం తింటుంటే తోచింది. స్లయిడ్లనే మండపంలోని ఆ పాత చదరం తెర కొలతకి మార్చి, ఫోటోకి పైనా కిందా మిగిలిన చోట పసుపు నింపితే? జూమ్‌లో ఉన్నా తెగడానికి ఏమీ ఉండదు. నలుపూ ఉండదు.

అన్నీ మార్చాను. పనిచేస్తుందో లేదో.

మే 8, శుక్రవారం

పనిచేసింది.

"పసుపైతే ఎవురూ నోరెత్తరమ్మా" అన్నాడు మునిరాజన్న. ఏడుపొచ్చింది నాకు.

స్టేజీకి మా తోట గులాబీలు ఇవ్వడానికి బాగలూరు నుంచి అమ్మ అప్పుడే వచ్చింది. వెనక తలుపు దగ్గర నిలబడి అన్ని ఫోటోలూ చూసింది. బస్సులో కూర్చున్నాక అడిగింది.

"అంత పక్కన నిలబడినా ఎట్ల దొరికినానే నీకు?"

నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"నన్ను తీసేయమ్మా. శుభం జరిగే చోట నేనేమిటికి? నీ మంచికే కదా పక్కకి జరిగింది."

"నా మంచి నాకు తెలీదా?" అన్నాను. కిటికీ వైపు తిరిగింది.

మే 9, శనివారం

పెన్‌డ్రైవ్‌లో రెండూ ఉన్నాయి. అమ్మ ఉన్నది ఒకటి, అంచులు కత్తిరించింది ఒకటి. ప్రొజెక్టర్ తెలియక కోసింది. నేను తెలిసి కోశాను. రాత్రి కూర్చుని, ఒక్కో ఫోటో.

మధ్యాహ్నం మునిరాజన్న ఫోన్. "ఏది వేసేదమ్మా?" వచ్చి చెబుతానన్నాను. ఏం చెప్పాలి?

జడ వేయమంటే అమ్మ పిన్నిని పిలిచింది. పూలు పిన్నే పెట్టింది. అమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది. అద్దంలో ఓ అంచున సగం కనబడుతోంది. మొత్తం కనబడాలని కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాను.

అమ్మ కూడా ఇంకాస్త పక్కకి జరిగింది.