సత్తిబాబుతో అనకూడని మాట

మంగళవారం, రాత్రి

తొందరలో రాస్తున్నాను. అక్షరాలు కుదరడం లేదు, తప్పులు కూడా ఉంటాయి. క్షమించాలి.

ఈ రోజు కొవ్వూరులో సత్తిబాబు ఇంటికి వెళ్ళాను. ఇద్దరం లేతు మిషను మీద పనిచేసిన రోజుల నుంచి వింటున్న ఆ విదేశీ హెవీ మెటల్ బ్యాండు, చాలా ఏళ్ళకి కొత్త ఆల్బమ్ తెచ్చింది. వాడి ఫోనులో విన్నాం. గిటార్లు నీరసంగా ఉన్నాయి. పాడేవాడికి ఊపిరి అందడం లేదు. పాట కింద అభిమానులు రాసినవి వాడే చదివాడు. సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది తిట్టిపోశారు.

“డెబ్బై దాటినా వాయిస్తున్నార్రా, అది చాలదేంటి? నువ్వేమంటావ్?” అన్నాడు.

ఎప్పుడూ ఊకొట్టి ఊరుకునేవాణ్ణి. ఈ రోజే నోరు జారింది.

“ఓపిక లేనప్పుడు ఆపెయ్యాలిరా. ఎందుకీ ఈడ్చుకోవడం?”

వాడు ఫోను ఆపేశాడు. డయాలసిస్ సూది గుచ్చే చేతిని దుప్పట్లోకి లాక్కున్నాడు.

“నిజమేరా. రేపు నేనూ రాజమండ్రి ఆస్పత్రికి వెళ్ళను.”

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. నేను పాటల గురించే అన్నానని చెప్పాల్సింది. లేచి వచ్చేశాను.

సాయంత్రం నుంచి ఫోను చేస్తూనే ఉన్నాను, ఎత్తడం లేదు. రేపు మానేస్తే ఒంటికి నీరు పట్టేస్తుంది. ఆ తర్వాత...

ఈ పేజీ చింపి, తెల్లారగానే ఆటో మాట్లాడుకుని వెళ్ళి వాడి చేతిలో పెడతాను.

ఒరేయ్ సత్తిబాబూ, ఆల్బమ్ బాగోలేదు, అబద్ధం చెప్పలేను. కానీ వాళ్ళు ఇంకొకటి తెస్తే నేనెవరితో కలిసి తిట్టుకోవాలి? ఆటో నీ గుమ్మంలోనే ఉంది. వస్తావో రావో తొందరగా చెప్పరా.