బావగారి అలారం

మార్చి 1, ఆదివారం

ఈ పుటల్లో ముందుముందు జరగబోయే నీచత్వానికీ, కుళ్ళుకీ, కుట్రకీ సమస్త మానవజాతికి శిరసు వంచి, రెండు చేతులూ జోడించి, ముందస్తుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ కాగితం కావడానికి ప్రాణాలిచ్చిన వెదురుకి కూడా. నన్ను కన్న తల్లికి ప్రత్యేకంగా. నాకు డిగ్రీ పట్టా ఇచ్చి జనం మీదికి వదిలిన కాలేజీ వారు మాత్రం తమ క్షమాపణ తామే చెప్పుకోవాలి. ఆ భారం నేను మోయలేను.

ఇక విషయం. మా నాన్నది తుపాకుల దుకాణం. లైసెన్సున్న రైతులు పంట మీద పడే అడవి పందుల్ని అదిలించడానికీ, షూటింగ్ క్లబ్బు వాళ్ళు అట్టముక్కలకి చిల్లులు పెట్టడానికీ మా దగ్గరే కొంటారు. అందులో నేను సేల్స్, సర్వీస్, ఊడుపు, తుడుపు. ఊళ్ళో ఇలాంటి దుకాణాలు ఇంకో రెండున్నాయి. ఆ మధ్య ఒకదాంట్లోకి పైకప్పు కోసుకుని దొంగలు దిగారు. మొన్న శుక్రవారం రెండోదాని షట్టర్‌కి గొలుసు తగిలించి జీపుతో లాగేశారు. మిగిలింది మేమే.

ఈ డైరీ మా బావ ఇచ్చాడు. అక్క మొగుడు. అట్ట మీద అతగాడి సెక్యూరిటీ కంపెనీ పేరు బంగారు రంగులో మెరిసిపోతోంది. అతని మీద ఏడవడానికి అతని డైరీనే వాడుకోవడంలో ఒక తృప్తి ఉంది.

మార్చి 3, మంగళవారం

జీపు దెబ్బ తిన్న దుకాణం పెద్దాయన వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఆయన దగ్గర పోయిన డబుల్ బ్యారెల్ తుపాకీ పెట్రోల్ బంకు దోపిడీలో పేలిందట. బంకులో పనిచేసే అబ్బాయికి కాలు తీసేశారట. ఆసుపత్రికి పోయి చూడాలనుంది బాబూ, ఏ మొహం పెట్టుకుని పోను, అని నాన్నని అడిగాడు. నాన్న ఆయన్ని గుమ్మందాకా సాగనంపాడు. ఆయన వెళ్ళిపోయాక చాలాసేపటికి, మన దగ్గర్నుంచి పోయిన తుపాకీ ఎక్కడ పేలినా మన చేత్తో పేల్చినట్టేరా, అన్నాడు.

జోకు వేయడానికి నోరు తెరిచాను. వేయకుండానే మూశాను. ఇది నా జీవితంలో నమోదు కావాల్సిన ఘట్టం.

అదే రోజు, సాయంత్రం

నా సెక్యూరిటీ ప్లాను నాన్న ముందు పరిచాను. స్కేలు పెట్టి గీసిన డ్రాయింగ్. రంగులు కూడా వేశాను. ఆయన శ్రద్ధగా చూశాడు. చూసి, బల్లకి మరక పడకుండా గన్ ఆయిల్ సీసా కింద వేసుకున్నాడు. తర్వాత అక్కకి ఫోన్ చేసి, అల్లుడిని ఒకసారి వచ్చి చూడమనమ్మా, అన్నాడు.

మార్చి 5, గురువారం

బావ ముందు ఇంటికి వేంచేశాడు. భుజాన నిచ్చెన, చేతిలో డ్రిల్లు. వెనకాలే బిట్ల డబ్బా పట్టుకుని మా అక్క. పెళ్ళయ్యేదాకా ఒకే ఇంట్లో పెరిగాం. ఒక్కరోజు నాకు స్క్రూడ్రైవర్ అందించిన పాపాన పోలేదు.

బావకి కాఫీ సాసరున్న కప్పులో వచ్చింది. ఆ కప్పులు బీరువాలోంచి దిగడం నేను చూడటం ఇదే మొదలు. నాకు గ్లాసు. అది కూడా, అక్కడెక్కడో పెట్టాను చూసుకో, అని అమ్మ వంటగదిలోంచే కేకేసింది.

రోజూ దుకాణం కట్టేసేముందు ఏం జాగ్రత్తలు తీసుకుంటారని బావ అడిగాడు. చెప్పాను. రైఫిళ్ళన్నిటి బోల్టులూ, అంటే తూటాని లోపల బిగించే కడ్డీలు, ఊడదీసి వేరే గదిలోని ఇనప్పెట్టెలో పెడతాను. బోల్టు లేని రైఫిల్‌తో కుక్కని అదిలించవచ్చు, అంతే. డబుల్ బ్యారెల్‌లకి బోల్టులుండవు కాబట్టి ట్రిగ్గర్ల దగ్గర ఉక్కు తాడు దూర్చి గోడకి తాళం వేస్తాను. స్కూలు రోజుల నుంచీ ఇది నా పని. బావ నిజంగానే మెచ్చుకున్నాడు. భలే పద్ధతోయ్ బావమరిదీ, దీని ముందు నా సెన్సార్లెంత, అన్నాడు. నేను మెడ నిటారు చేసుకునేలోపే నాన్న అందుకుని, ఆ, దానికేముంది బాబూ, రెండు చేతులుంటే చాలు, అన్నాడు.

నా రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాను.

మార్చి 6, శుక్రవారం

బావ పనిచేస్తూ ఈల వేస్తాడు. శ్రుతి తప్పడు. మనిషన్నాక ఒక్క లోపమైనా ఉండాలి.

మార్చి 9, సోమవారం

బిగించడం పూర్తయింది. గోడలు అదిరితే పసిగట్టే సెన్సార్లు, మూలల్లో కదలికని పట్టేవి, వెనక తలుపు పక్కన ఒక ప్యానెల్. దానికి రెండు మోడ్‌లు. కాపలా మోడ్‌లో ఎర్ర లైటు. చీమ చిటుక్కుమన్నా సైరన్ మోగి, పోలీస్ స్టేషన్‌కి ఫోన్ వెళ్తుంది. టెస్ట్ మోడ్‌లో పసుపు లైటు. ఎవరు కదిలినా పిచ్చుకలా కీచుమని ఊరుకుంటుంది. ఏ సెన్సార్ పనిచేస్తోందో తిరిగి చూసుకోవడానికి అది. వెనక తలుపు తీస్తే అర నిమిషం గడువు, ఆలోగా కోడ్ నొక్కాలి. ఆ కోడ్ ఇంట్లో అందరికీ చెప్పాడు.

టెస్ట్‌కి అమ్మ కూడా దుకాణానికి వచ్చింది. ఒక దొంగ కావాల్సి వచ్చాడు. మా బావమరిదికయితే మేకప్ ఖర్చు కూడా ఉండదత్తయ్యా, అన్నాడు బావ. అక్క నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. దుప్పటి కప్పుకుని పాకాను. కీచ్. అట్టపెట్టె తొడుక్కుని జరిగాను. కీచ్. ఊపిరి బిగబట్టి స్తంభంలా నిలబడ్డాను. ఒరేయ్, మొహం నీలమైపోతోంది, గాలి పీల్చుకోరా, అని అమ్మ కంగారు పడింది. పీల్చుకున్నాను. కీచ్.

నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. నా జోకులకి ఇన్నేళ్ళుగా మూతి కూడా కదపని మనిషి. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, అల్లుడి భుజం తట్టాడు.

పాకింది నేను. తట్టింది అతని భుజం.

ఇక నుంచి కట్టేసే సంగతి అల్లుడు చూసుకుంటాడు, నువ్వు బోల్టులు తీసి ఇంటికి పో, అని ఆర్డరు కూడా వేశాడు.

మార్చి 11, బుధవారం

నాన్నకి కొత్త సరదా పట్టింది. పొద్దున్నే వెనక తలుపు తీసి, కోడ్ నొక్కకుండా కావాలనే నిలబడతాడు. సైరన్ వీధంతా అదిరేలా అరుస్తుంది. స్టేషన్‌ వాళ్ళకి ముందే చెప్పి ఉంచాడు. అప్పుడు కోడ్ నొక్కి, చూశావా, నన్ను కూడా నమ్మదురా, అని మురిసిపోతాడు.

చిన్నప్పుడు నేనూ ఆయన గుమ్మంలోకి రాగానే అలాగే అరిచేవాణ్ణి. మురిసినట్టు గుర్తులేదు.

మార్చి 12, గురువారం

నాన్న కంటి ఆపరేషన్ ఖాయమైంది. ఆయన లేనన్నాళ్ళూ దుకాణానికి బాధ్యుడిగా లైసెన్సులో రెండో పేరు రాయించాలి. సోమవారం ఆఫీసుకి వెళ్ళాలి. ఆ రెండో పేరు నాదేనని నేను డిగ్రీ మొదటి సంవత్సరంలోనే అనుకున్నాను. సంతకం కూడా కొత్తది ప్రాక్టీసు చేశాను, కింద రెండు గీతలతో.

భోజనాల దగ్గర నాన్న, అల్లుడి పేరు రాయిద్దామనుకుంటున్నా, నీకేమైనా అభ్యంతరమా, అన్నాడు. ఎంతమాట, అన్నాను. అమ్మ ఏదో అనబోతే ఆయనే మళ్ళీ, వీడు దేన్నీ సీరియస్‌గా తీసుకోడే, తుపాకులు వేళాకోళం వస్తువులు కావు, అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు, బయట వాన పడుతోంది అన్నట్టు.

మార్చి 13, శుక్రవారం

నిద్ర లేదు. ప్లాను ఉంది.

బావ కట్టేసి వెళ్ళిపోయాక వెనక తలుపులోంచి వెళ్ళి, ప్యానెల్‌ని టెస్ట్ మోడ్‌లో పెట్టి వచ్చేస్తాను. వెనక తలుపు తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది. అది అడిగి పుచ్చుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. అంత లెక్కలేదు నేనంటే. మర్నాడు పొద్దున నాన్న తలుపు తీసి సైరన్ కోసం ఎదురు చూస్తాడు. పిచ్చుక కీచుమంటుంది. అంతే. దుకాణం తెరిచి పెట్టి పోయాడా నీ అల్లుడు అని నేను అననక్కర్లేదు. ఆయనే అంటాడు. సోమవారానికి ముందే అంటాడు.

ఎవరికీ నష్టం లేదు. ఒక్క బావ పరువు తప్ప. అది అతని దగ్గర చాలా ఉంది.

మార్చి 14, శనివారం, సాయంత్రం 7

బావ కట్టేసి అక్కతో సినిమాకి పోయాడు. నేను దుకాణానికి వెళ్ళాను. వచ్చాను. ఇంతకుమించి ఇవాళ రాయను.

మార్చి 15, ఆదివారం

రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోలేదు.

దొంగలు వచ్చారు. పక్కనున్న ఖాళీ టైలరు షాపులో దూరి, మా గోడకి కన్నం పెట్టబోయారు. రెండో దెబ్బకే సైరన్ మోగింది. వీధంతా లేచింది. పోలీసులు సందు చివరే పట్టుకున్నారు, సుత్తులతో సహా. ఆ గోడకి ఇవతలే మా డబుల్ బ్యారెల్‌లున్నాయి. ఉక్కు తాడు కోసే కత్తెర కూడా వాళ్ళ సంచిలో ఉంది.

నాన్న బావని అందరి ముందూ కావలించుకున్నాడు. అలా ఎంతసేపు ఉన్నాడంటే, పక్కన నిలబడ్డ నేను ఎటు చూడాలో తెలియక సుత్తుల్ని చూశాను. అమ్మ ఏడ్చేసింది. పెట్రోల్ బంకు కథ చెప్పిన పెద్దాయన కూడా పరిగెత్తుకొచ్చి బావ చేతులు పట్టుకుని, నా దుకాణానికి నువ్వెందుకు లేకపోయావు నాయనా, అన్నాడు. వీధిలో వాళ్ళంతా సెల్ఫీలు. ఒకాయన నాకు ఫోనిచ్చి, తమ్ముడూ కొంచెం తియ్యవా, అన్నాడు. తీశాను. బావ ఫొటోలో కూడా బాగా పడతాడు.

ఒక్కటి మాత్రం గమనించాను. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. మాటిమాటికీ ప్యానెల్ వైపు చూస్తున్నాడు.

మార్చి 16, సోమవారం

ఆఫీసుకి బయల్దేరేముందు బావ మొరాయించాడు. నా పేరు వద్దు మామయ్యా, దుకాణం వాడిది, నేను వైర్లు లాగేవాణ్ణి, అన్నాడు. నేను పెన్ను జేబులో పెట్టుకున్నాను. నాన్న అతని చెయ్యి పట్టుకుని, ఇంత చేసి ఇంత అణకువా బాబూ, అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అతని పేరే రాయించాడు.

అణకువ కూడా అతనిదే అయిపోయింది. నాకు మిగిల్చింది ఏముంది?

మార్చి 17, మంగళవారం

ఈల వినపడటం లేదు.

మార్చి 19, గురువారం

నాన్నని ఆసుపత్రిలో చేర్పించాం. సాయంత్రం దుకాణంలో నేనూ బావా. బోల్టులు ఊడదీస్తున్నాను. బావ పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. శనివారం మధ్యాహ్నం మీ అక్క వస్తే సరదాగా టెస్ట్ మోడ్‌లో పెట్టి ఆడించానోయ్, సినిమాకి టైమైపోతోందని అది తొందర పెట్టింది, మళ్ళీ కాపలాలో పెట్టానో లేదో ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు, అన్నాడు. పెట్టకపోయి ఉంటే, అని ఆగిపోయాడు. ఎవరికైనా చెప్తే నీ చెల్లెలు లాంటి మీ అక్క పరువు పోతుందని కాదు బావమరిదీ, నాకే నా మీద నమ్మకం పోతుందని భయం, అన్నాడు. అక్క నాకు చెల్లెలు ఎలా అవుతుందని అడగాలనిపించింది. మనిషి అంత గాభరాలో ఉన్నాడు.

నువ్వేమైనా ఆ పూట ఇటు వచ్చావా, అని అడిగాడు. నేనా, నాకేం పని బావా, అన్నాను. అవునంటే, ఎందుకొచ్చావంటాడు. దానికి జవాబు ఈ డైరీలో ఉంది, నా నోట్లో లేదు. మీరే పెట్టి ఉంటారు, చేతికి అలవాటైపోయి ఉంటుంది, అన్నాను. అతను నన్ను ఓ క్షణం అదోలా చూశాడు. కాగితం మీద నా పేరుంటేనేం గానీ, రేపట్నుంచి కట్టేసేది నువ్వు, నువ్వు చూశావంటేనే నాకు నిద్ర పడుతుంది, అని లేచాడు.

ఇంకా కుళ్ళుగానే ఉంది. అబద్ధం ఆడను. ఇంత తప్పు చేసినవాడికి ఇంత పెద్దమనసు ఎవరిమ్మన్నారు?

మార్చి 21, శనివారం

పధ్నాలుగున నేను వెళ్ళేసరికే పసుపు లైటు వెలుగుతోంది. నా కుట్ర కూడా బావే ముందు చేసిపోయాడు. వచ్చిన దారిన తిరిగి వచ్చేస్తే చాలు, కోరుకున్నదంతా జరిగిపోయేది. కానీ ఒళ్ళు మండిపోయింది. ఇది తుపాకుల దుకాణం అనుకున్నావా, కూరగాయల కొట్టనుకున్నావా, అని ఆ ఖాళీ గదిలో గట్టిగా అరిచాను. గొంతు అచ్చం నాన్నది. ఎర్ర లైటు వెలిగేదాకా నొక్కి, బయటికొచ్చి తాళం వేశాను.

నేను చేసింది అదొక్కటే.