ఒంటెద్దు బరువు

బొంబాయి, ఏప్రిల్ 1984

నాయనకు మునికృష్ణ దండాలు. ఎవరేం చెప్పినా బెంగపడొద్దు, నేను బాగున్నాను.

సముద్రంలో నూనె బావుల పనికి మమ్మల్ని హెలికాప్టర్లో తీసుకుపోతారు. దానికి రెండు ఇంజన్లు. దారిలో ఒకటి ఆగినా రెండోది ఒడ్డుకు చేర్చాలని రూలు. అందుకే మోయగలిగినంతా ఎక్కించరు, ఎండ ముదిరితే ఇంజన్లకు సత్తువ చాలదని ఇంకా తగ్గిస్తారు. మొన్న అమ్మ పంపిన బెల్లం బుట్టను కూడా దించేశారు. నేను పోట్లాడాను. ఆ రోజే సగం దారిలో నిజంగానే ఒక ఇంజను ఆగిపోయింది. రెండోదే మమ్మల్ని మెల్లగా వెనక్కి తెచ్చింది.

ఆ కాసేపూ నాకు మన కార్వేటినగరం కనుమే కళ్లలో మెదిలింది. బెల్లం అమ్మను మండీకి బండి తోలేటప్పుడు అమ్మ, "ఇంకో నాలుగు దిమ్మలేస్తే ఏం పోతాది?" అని సణిగేది. "ఒక ఎద్దు పడిపోతే రెండోది ఈడ్చేంతే ఎయ్యాల" అనేవాడివి నువ్వు. ఎర్రెద్దు కాలు బెణికిన రోజు దాన్ని విప్పేసి, కాడి కింద నువ్వే భుజం పెట్టి తెల్లెద్దుతో పాటు కనుమ ఎక్కించావు. నేను బెల్లం దిమ్మల మీద కూర్చుని, ఎద్దును అదిలించినట్టే నిన్నూ "హేయ్, హేయ్" అని అదిలించాను. నువ్వు రొప్పుతూనే నవ్వావు.

ఒడ్డున దించేసిన బుట్టకు చీమలు పట్టాయి, దులుపుకుని అందరం తిన్నాం. అమ్మకు ఈ ముక్కే చదివి వినిపించు, ఇంజను సంగతి వద్దు. చెల్లెలు పంకజాక్షికి జ్వరం తగ్గిందా? నా గొడుగు చిన్నబ్బ మామ దగ్గరుంది, అడిగి తెచ్చుకో.

ఇకమీదట బండిలో మునుపటంత బరువు వేయొద్దు నాయనా. ఆ లెక్కలో ఒంటెద్దుతో పాటు, వయసులో ఉన్నప్పటి నీ భుజం కూడా ఉంది.

నీ కొడుకు
మునికృష్ణ