ఊట దగ్గర హద్దురాళ్లు

మే 9
అధికారులు నా ఫిర్యాదు మీదే వచ్చారు, నన్ను పిలవలేదు. నీటి అంచు నుంచి ఇంత దూరం దాకా ఏమీ కట్టకూడదని నిబంధన. ఆ అంచును మండుటెండలో వెతికారు. ఊట సన్నగా పారుతున్న చోట టేపు పట్టి, నా బావమరిది సోమన్న కాటేజీలు హద్దు బయటే ఉన్నాయని తేల్చారు. వాడి కోడికూర తిని వెళ్లారు.

మే 10
అసలు హద్దు రాళ్లది. వానల్లో చిత్తడి ఎంతవరకు పాకితే అంతవరకు పూజారి ఏటా రాయి పాతేవాడు. ఆడవాళ్లు పసుపు రాసేవారు. లోపలంతా గంగాలమ్మ వాకిలి. గుంజ కూడా పాతరు. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇంత తేటైన చట్టం చూడలేదు.
ఇప్పుడు ఒక్క రాయీ లేదు. అడిగితే సోమన్న — "మంచి రాళ్లు బావా. ఊరికే పడున్నాయని మెట్లకి ఏసీసినాం. సదువెక్కువై నీకన్నీ తప్పులే."

మే 17
చూసి వచ్చాను. చివరి కాటేజీ కింది మెట్టు... పసుపు మరక. నా భార్య చిలకమ్మ పోయే ముందు చివరిసారి రాసింది. సిమెంటు పూసినా పోలేదు.
"అక్కుంటే సంతోషించును," అన్నాడు సోమన్న. ఆ అక్కను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి జీపు అడిగితే డీజిల్ లేదన్నవాడు.

మే 30
మిట్టమధ్యాహ్నం. ఆ కాటేజీ నేల కింద బిందె ముంచుతున్న చప్పుడు. ముందు అంచుతో నీటిని రెండుసార్లు చెదరగొట్టి, అప్పుడు ముంచడం... చిలకమ్మ అలవాటు.
ఎవరికీ చెప్పలేదు.

జూన్ 21
వాన. కాటేజీల మురుగు ఊటలో కలిసింది. పక్కింటి బొర్రమ్మ బిందెతో నిలబడి — "కంపు కొడతన్నాయి మాస్టారూ. పసిగుంటకి జొరం. ఇయ్యే తాగించమంటారేటి?"


జూలై 8
సోమన్న వచ్చాడు, తడిసి ముద్దై, భుజం మీద ఆ రాయి.
"చివరి గదిలో ఎవులో బిందె ముంచుతన్నారు బావా. పనోళ్లు పారిపోనారు. హద్దు లోపలున్నయన్నీ పడగొట్టీస్తాను. పూజారి కూడా పోనాడు... రాళ్లెక్కడుండేవో నీకే ఎరుక. బేగి రా."
"జీపులో డీజిలుందేటి?" అన్నాను. తలుపు వేసేశాను.

జూలై 9
వెళ్లలేదు వాడు. అరుగు మీద, రాయి ఒళ్లో పెట్టుకుని. పిలవడం మానేశాడు.
బొర్రమ్మ ఇంట్లో గుంట ఏడుపు.
వంటింటి వెనక చప్పుడు. రెండుసార్లు చెదరగొట్టి... ముంచడం.
మా పెరట్లో నీళ్లే లేవు.