పద్దెనిమిదో నంబరు

అమ్మకు,

ఈ ఉదయం టూరు బస్సులో నా పక్క సీటు మీద, రోజూ అక్కడ కూర్చునే టైలరమ్మ దువ్వెన ఒక్కటే ఉంది. చూసి కూడా చదువుకుంటూ కూర్చున్నాను. బస్సు కదిలేముందు అందరం వరసగా మా నంబర్లు చెప్పాలి. ఆవిడకు సరిగా వినపడదని రోజూ ఆవిడ పద్దెనిమిది కూడా నేనే చెబుతున్నాను. ఇవాళా తల ఎత్తకుండానే చెప్పేశాను. గంట తరవాత టీకి ఆగితే గానీ ఆవిడ లేదని తెలియలేదు. వెనక్కి వెళ్ళాం. హోటలు మెట్ల మీద కూర్చుని ఉంది.

"పద్దెనిమిది ఇక్కడుందే పిల్లా. మరి నువ్వెవర్ని ఎక్కించుకెళ్ళావు?" అని నవ్వింది.

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇవాళ్టి తిరుగు విమానం అందరికీ నా వల్లే తప్పింది. ఫోనులో నీతో మాట్లాడినప్పుడు ఆ సంగతి దాచాను. ఎదురుగా అసలే చెప్పలేను, అందుకే ఇది రాసి ఫోనుకు పంపుతున్నాను. రేపు సాయంత్రం చేరతాం. నాన్న మందులు తెప్పించావా? చెల్లికి ఇది చదివి వినిపించకు. నాన్నకు నమస్కారాలు.

ఆవిడ బస్సు దిగి గదికి వెళ్ళింది నేను మరిచిపోయిన నీ శాలువా కోసం.