రాకాసి గుళ్ల గుట్ట మీద మేమిద్దరం

ఆదివారం, మణుగూరు

నిన్న సారపాకలో బయలుదేరి ఈ రోజు గుట్ట ఎక్కాం. సైకిల్ ముందు సీట్లో నేను, వెనక సీట్లో మా ఆయన. చూపు తగ్గిపోతోందని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఈయనది ఒకటే పట్టు, రాకాసి గుళ్లు ఒక్కసారి చూడాలని. అందుకే ఇద్దరు తొక్కే సైకిల్ కిరాయికి తెచ్చాం.

వేల ఏళ్ల నాటి ఆ రాతి సమాధులను చేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డారు. చుట్టూ మంచు కమ్మి ఉంది.

"గోదారి కనిపిస్తుందా?" అని అడిగారు.

"అవ్, తళతళ మెరుస్తుంది" అన్నాను. నిజానికి దగ్గరి చెట్టు కూడా కనిపించడం లేదు.

"నాకు గూడ మసకమసకగ కనిపిస్తుంది" అన్నారు.

దిగేటప్పుడు భయంతో బ్రేకులు వదల్లేదు. "గట్ల పట్టకు, జర వదులు. నువ్వున్నవ్ గదా!" అని వెనక నుంచి నవ్వారు. వదిలాను. ఇద్దరం పిల్లల్లా కేకలు పెట్టాం.

లాడ్జిలో అన్నం తింటూ అన్నారు: "పైన మంచే గదా? మొఖానికి తడి తగిలింది. నువ్వు గోదారి చూపెడుతుంటే కాదనబుద్ధి కాలె."

సిగ్గుతో నవ్వొచ్చింది. "మరి మీకు అసలేమన్నా కనిపిస్తుందా?" అని అడిగాను.

"ఎందుకు కనిపియ్యది? పొద్దంత నీ జడ నా కళ్ల ముందే ఊగింది."

ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నారు. నేను ఈ రోజు జడ వేసుకోలేదు. జుట్టంతా ముడి చుట్టి హెల్మెట్ కింద పెట్టుకున్నాను. ఆ మాట చెప్పలేదు.

రేపు పొద్దున్నే జడ వేసుకోవాలి.