బొమ్మలోని నారింజ తోక

బెంగళూరు

అమ్మకు జాయిస్ వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నందిగామలో నువ్వూ నాన్నా క్షేమమని నీ ఉత్తరం చూశాక మనసు నిమ్మళించింది.

వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. నువ్వు పంపిన గోంగూర పచ్చడిలో మా ల్యాబ్ వాళ్లు నాకు నూనె మాత్రం మిగిల్చారు.

నాన్న కంటి జబ్బు గురించి చెబుతూ నేను పంపిన కంప్యూటర్ బొమ్మను చర్చికి తీసుకెళ్లి, అందులోని నారింజ రంగు తోక కుదురుకోవాలని ఆరోగ్యమ్మ అత్తతో ప్రార్థన చేయించావట. చదివి నవ్వాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అది నాన్న జబ్బు కాదమ్మా. కంట్లో వెలుగును పట్టే ప్రోటీన్ ఒక పొడుగాటి దారం. మట్టల ఆదివారానికి నువ్వు ఈతాకును సిలువగా మడుస్తావే, ఈ దారం అలా తనంతట తనే మడతలు పడుతుంది. ఆ మడతలెలా ఉంటాయో మా కంప్యూటర్ ఊహించి గీస్తుంది. నమ్మకమున్న చోట నీలం వేస్తుంది, లేనిచోట నారింజ. ఆ తోక ఎవరిలోనైనా అలా ఊగుతూనే ఉంటుంది. నాన్నకు రేచీకటి తెచ్చిన మార్పు ఆ నీలం మధ్యలో ఉంది. బొమ్మలో చూస్తే తేడాయే తెలియదు.

సాయంత్రాలు ఆ బొమ్మను తెరమీద మెల్లగా తిప్పుతూ కూర్చుంటాను. ఆ నీలి మెలికల్లో నాన్న ముందు నడుస్తున్నట్టు, నేను ఆయన చొక్కా పట్టుకుని వెనకాలే వెళ్తున్నట్టు ఉంటుంది. చేస్తున్న పని మరిచిపోతాను.

ఇంతసేపూ దాచిన మాట ఇక చెబుతాను. మొన్న క్రిస్మస్‌కు వస్తూ విజయవాడలో బస్సెక్కాను. మసక పడుతోంది, దీపాలింకా వెలగలేదు. పరిటాల ఆంజనేయస్వామి వచ్చాడా అని పక్కనున్నావిణ్ణి అడిగాను.

"ఎదురుగానే ఉన్నాడు గదమ్మా. అంత విగ్రహం కనపట్టంలా?" అంది.

నాకు కనపడలేదు.

తిరిగొచ్చి రక్తపరీక్ష చేయించుకున్నాను. నాన్నకున్న మార్పే నాకూ ఉంది. పగలు అన్నీ బాగానే కనపడుతున్నాయి. ఎన్నాళ్లలా ఉంటుందో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. నాకు భయంగా ఉందమ్మా. తనవల్లే వచ్చిందని నాన్న కుంగిపోతారు, అందుకని నువ్వు చెప్పొద్దు. నేనే వచ్చి ఆయన పక్కన కూర్చుని చెబుతాను.

ప్రార్థన మాత్రం మానకు. ఇకనుంచి ఆ నీలం ముక్క కోసం చెయ్యి, మా ఇద్దరి కోసం.

మట్టల ఆదివారానికి వస్తున్నాను. ఈతాకులు కాస్త ఎక్కువ కోయించు. చిన్నప్పుడు నీ చేతులు చూసి సిలువ మడవడం నేర్చుకున్నాను. ఈసారి నాన్న పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని నేర్చుకుంటాను.

ఇట్లు,
నీ పెద్దకూతురు
జాయిస్